అన్నిటికీ బొట్టు

షోళింగనల్లూరు,
జనవరి 11.

బాబాయ్ గారికి,

నేను హైందవిని. ఆ చివర మీరు, ఈ చివర నేను, ఒకే ఊళ్ళో ఉంటూ ఈ ఉత్తరమేమిటని మీరనుకుంటారు. స్టాంపులమ్మే ఆవిడ కూడా చిరునామా చదివి నా మొహంలోకి చూసింది. ఫోన్ చేస్తే మీకు వినపడదు. వాట్సాప్ మీరు తెరవరు. ఎదురుగా వచ్చి కూర్చోవడం నా వల్ల కావడం లేదు. ఇంక మిగిలింది ఇదే.

మన శ్రీ పెద్దకర్మ రోజున మీ ఇంటికి వచ్చాను. గుమ్మం దగ్గరే నిలబడి వెళ్ళిపోయాను. మీరు చూడలేదు, పిన్ని చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆ తర్వాత మూడు శనివారాలు మీ వైపు రైలెక్కుదామని బీచ్ స్టేషన్ దాకా వచ్చాను. మూడుసార్లూ ప్లాట్‌ఫాం మీద సమోసా తిని వెనక్కి వెళ్ళిపోయాను. రెండేళ్ళపాటు సెలవు దొరికితే చాలు, పని నేర్చుకుంటానని వచ్చి మీ మెకానిక్ షెడ్డులో కార్ల కింద దూరి, గోళ్ళలో గ్రీజుతో సోమవారం మీటింగులో కూర్చున్నదాన్ని. ఇప్పుడు నా గోళ్ళు శుభ్రంగా ఉంటున్నాయి. వాటిని చూస్తే నాకే అసహ్యంగా ఉంది.

ఆఫీసు క్యాబ్ స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా కిందినుంచి ఏ చప్పుడొస్తుందో వింటున్నాను. నిన్న ఉండబట్టలేక "అన్నా, ఎడమవైపు బుష్ పోయింది" అన్నాను. "మేడం మెకానిక్కా?" అన్నాడు డ్రైవరు. కాదు, టెస్టింగ్ అన్నాను. ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే పని. తప్పు ఎక్కడుందో పట్టుకుని, ఎవరిదైతే వాళ్ళ పేరు మీద రాస్తాం. రోజుకి పది రాస్తాను, ఒక్కదానికీ వెనకాడను.

పిన్ని ఎలా ఉంది? షెడ్డు తెరిచారా? కారు ఇంకా పోలీస్ స్టేషన్ దగ్గరే ఉందా? మూడింటిలో ఏ ఒక్కదానికి జవాబు రాసినా చాలు.

హైందవి


తిరువొత్తియూరు,
జనవరి 20.

చిరంజీవి హైందవికి దేవరాజులు దీవించి రాసేది.

"ఉభయకుశలోపరి" అని మొదులుపెట్టాల అని వాషర్‌మెన్‌పేట్ తెలుగు బళ్ళో మా అయివారు నేర్పించినాడు. రాసి కొట్టేసినాను. కొట్టేసింది పైన కనిపిస్తా ఉంటే ఏమనుకోవద్దు పాపా. నా తెలుగు రాత అయిదో క్లాసుతో నిలిచిపొయ్యింది. తప్పులుంటే మీ ఆఫీసు మాదిరి ఎవురి పేరు మీదన్నా రాసుకో.

మూడిటికీ జవాబు రాస్తాను. షెడ్డు తెరవలా. బండి స్టేషన్ ఎనక తుమ్మచెట్టు కింద ఉండాది. మీ పిన్ని ఈడ లేదు. వాషర్‌మెన్‌పేట్‌లో చెల్లెలింటికి పొయ్యింది.

ఎందుకంటే, ఇన్‌స్పెక్టర్ అడిగినాడు, శ్రీ ప్రాణం తీసిన ఆ బండికి బోల్టులు బిగించింది ఎవురని. నాకు వినపళ్ళా. కాగితం మీద రాసి చూపించినాడు. "నేనే సార్. బిగించేది మరిచిపొయ్యినాను. వయసైపొయ్యింది" అన్నాను. కోకిల పక్కనే నిలబడుండింది. ముప్పయ్యారేండ్ల కాపరం. కొట్లాడినాము, చెంబులు విసురుకున్నాము, మాట్లాడకుండా ఒక పూట ఉండలా. ఆ పొద్దు నా మొకం చూసి ఒకే మాట అనింది. పెదాలు చూసి చదువుకున్నాను. "కూరలో ఉప్పు తక్కవైతే పదేండ్లు గుర్తుపెట్టుకుంటావే, నా బిడ్డ ఎక్కే బండికి బోల్టు ఎట్టా మరిచిపొయ్యినావు?" అంతే. మర్నాడు పెట్టె సర్దుకునింది.

కేసు ఆక్సిడెంట్ అని మూసేసినారు. నీ పేరు ఆడ యాడా రాలా. రాదు గూడా. నువ్వు దానికి భయపడి రాకుండా ఉంటే, ఆ భయం వద్దు.

అనిరుధ్ తంబి వచ్చి గంటసేపు కూర్చోని పొయ్యినాడు. తన కారు గురించి ఒక్క మాట అడగలా. మంచి పిల్లోడు.

దేవరాజులు


షోళింగనల్లూరు,
ఫిబ్రవరి 2.

బాబాయ్ గారికి,

"నీ పేరు రాదు" అన్న దగ్గరే పది రోజులుగా ఆగిపోయి ఉన్నాను. నా పేరు ఎందుకు రావాలి? అడగాలని ఉంది, జవాబు వినాలని లేదు. కాబట్టి ఈ ఉత్తరంలో వేరే సంగతి రాస్తాను. మనం నలుగురం కలిసి చేసిన చివరి పని గురించి.

ఆయుధపూజకి ముందటి శనివారం. అనిరుధ్ ఎర్ర స్పోర్ట్స్ కారు నాలుగు స్టాండ్ల మీద ఉంది. జపాన్ నుంచి తెప్పించిన చిన్న పెట్టె విప్పి, పన్నెండు రింగులు గుడ్డ మీద పరిచాడు శ్రీ. తెల్లగా, ఒక వైపు సన్నగా, ఒక వైపు వెడల్పుగా. కాఫీ తెచ్చిన పిన్ని వంగి చూసి, "ఏందిరా, కారుకి పెండ్లా? మెట్టెలు తెచ్చినారు" అంది.

"అమ్మా, కాలర్లు" అన్నాడు శ్రీ.

"కాలరు చొక్కాకి గదా ఉండేది."

అప్పుడు మీరు చెప్పిన పాఠం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. వెనక చక్రాల్ని మోసే ఇనపచట్రం బాడీకి ఆరు బోల్టులతో వేలాడుతూ ఉంటుంది. ఫ్యాక్టరీలో తొందరగా తగిలించడానికి బోల్టు కన్నా దాని బొక్క కొంచెం పెద్దది చేస్తారు. ఆ సందులో చట్రం ఓ వెంట్రుకంత అటూ ఇటూ కదులుతుంది. "అదే ఆట్టం. మలుపులో బండి ఒక రెప్పపాటు ఆలస్యంగా తిరుగుతాది జూడు, దీనివల్లే. ఈ మెట్టె పోయి సందులో కూర్చుంటే బోల్టు నడిమధ్యకి వస్తాది, ఆట్టం పోతాది" అన్నారు. శ్రీ వెంటనే, "నైనా, నీకూ అమ్మకూ మధ్య ఒక సెట్ ఏసేద్దామా?" అన్నాడు. పిన్ని కాఫీ గ్లాసుతో వాడి నెత్తిన ఒకటిచ్చింది.

జాకీ మీద చట్రాన్ని రెండంగుళాలు దించాం. రింగులకి గ్రీజు రాసి, పైన ఆరు, కింద ఆరు, మీరు చెబుతుంటే నేనూ శ్రీ కూర్చోబెట్టాం. చట్రం మళ్ళీ పైకెత్తి బోల్టులు చేత్తో ఎక్కించి వదిలేశాం. చీకటి పడింది, గట్టిగా బిగించడం తర్వాత అన్నారు.

మీ షెడ్డు పద్ధతి తలుచుకున్నా నవ్వొస్తుంది. టార్క్ రెంచి "టక్" మనేదాకా బిగించి, ఆ బోల్టు తల మీద పిన్ని గోళ్ళరంగు ఎర్రగా ఒక చుక్క. చుక్క ఉంటే బిగించినట్టు, లేకపోతే లేనట్టు. నేను కొత్తగా వచ్చిన రోజు మీరు "పాపా, బొట్టు పెట్టినావా?" అంటే నుదురు తడుముకుని "ఉంది బాబాయ్" అన్నాను. శ్రీ వారం రోజులు నవ్వాడు. "కాకినాడ ఇంజినీరమ్మా, బొట్టుందా?" అని కనపడ్డప్పుడల్లా.

ఇంతవరకూ రాసి, అడగకూడదనుకున్నదే అడుగుతున్నాను. మీరు నిజంగా మర్చిపోయారా?

హైందవి


తిరువొత్తియూరు,
మార్చి 15.

పాపా,

మరిచిపోయినాననే రాయబొయ్యినాను. రెండు కాగితాలు చించేసినాను. నిన్న స్టేషన్‌కి పొయ్యి బండి చూసినాక ఇంగ ఆ అబద్ధం రాయలేను.

నేను మరిచిపోలా. బిగించే పని నీకు చెప్పినాను. పండగనాడు పొద్దున నేను గుమ్మడికాయ, బొరుగులు కొనేదానికి పోతా పోతా గేటు కాడినుంచి చెప్పినాను. పూజలో పెట్టినాక పానాలు ముట్టకూడదు గదా, అందుకు ముందే కానియ్యమని. ఆ పని నువ్వు చెయ్యలా అని మూడోనాడే తెలిసిపొయ్యింది, బోల్టులు చేతి బిగుతే ఉండినాయని మెకానికల్ ఇన్‌స్పెక్టర్ రాసినాడు. బిగించకుండా బొట్టు పెట్టేసినావు, పండగ తొందర, చిన్నపిల్ల, అని అనుకున్నాను. నా బిడ్డ పొయ్యినాడు, ఇంగొకరి బిడ్డ బతుకు పాడుచేసి ఏమి జేసేది? అందుకే నేనే అన్నాను. కోకిలకి గూడా చెప్పలా.

ఇప్పుడు నిన్నటి సంగతి. చట్రం వంకరపొయ్యి బండి కింద పడుండాది. పండుకొని చూసినాను. ఆరు బోల్టులూ ఉండాయి. ఒకదాని మీద గూడా గోళ్ళరంగు లేదు. వానకి పొయ్యిందనుకుందామా? ఆ రంగు వానకి పోదు పాపా. మూడేండ్ల కింద పెట్టిన బొట్లు ఇంగా రోడ్ల మీద తిరగతా ఉండాయి. ఒక బోల్టు తల గుంటలో మాత్రం తడిసి ఎండిన ఎర్రపొడి కొంచం ఉండింది. గోటితో గీకి వాసన చూసినాను. పసుపు వాసన.

విజయదశమినాడు బండి దించే ముందర శ్రీ నాకు రెండు చేతులూ చూపించి, పెదాలు బాగా తెరిచి చెప్పినాడు. "నైనా, అన్నిటికీ బొట్టుండాది." వాడు చూడకుండా చెప్పే బిడ్డ గాదు.

ఇది ఏందో నువ్వే చెప్పాల.

దేవరాజులు


షోళింగనల్లూరు,
మార్చి 19.

బాబాయ్ గారికి,

మీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద చదివాను. ఎవరో వచ్చి నీళ్ళిచ్చారు. ఎవరో తెలియదు.

ఆ రోజు మీరు గేటు దగ్గర అన్న మాటలు ఇవి: "పాపా, పూజకి ముందర అన్నిటికీ బొట్టు పెట్టెయ్. నేనొచ్చేలోపల అయిపోవాల." సరిగ్గా అప్పుడే పిన్ని వంటింట్లోంచి వచ్చి కుంకుమ భరిణె నా చేతిలో పెట్టింది. పానాలన్నీ కడిగి ఎర్రగుడ్డ మీద పేర్చి ఉన్నాయి. టార్క్ రెంచి కూడా. పండగ పొద్దున, చేతిలో కుంకుమ, "అన్నిటికీ బొట్టు పెట్టెయ్" అంటే నేనేం అనుకోవాలి?

పెట్టాను. కంప్రెసర్‌కి పెట్టాను. డ్రిల్లుకి పెట్టాను. మీరు కూర్చునే స్టూలుకి కూడా పెట్టాను. తర్వాత కారు కిందికి వెళ్ళి ఆ ఆరు బోల్టులకీ పెట్టాను. వాటికి పెట్టమని ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు. మన చేత్తో ఎక్కించినవి కదా, ముద్దొచ్చాయి. ఉంగరపు వేలితో ఒక్కొక్కదానికి అద్దుతూ, చట్రం కదలకుండా చూడు తల్లీ అని నవ్వుకుంటూ మొక్కుకున్నాను కూడా. బిగించడం పండగ అయ్యాక మీరు చేస్తారనుకున్నాను.

ఇన్నాళ్ళూ నేను దాచింది ఇది. మర్నాడు శ్రీ కిందికి దూరి ఎరుపు చూసి బిగించారనుకున్నాడని, నా కుంకుమే మీ ఇద్దరినీ మోసం చేసిందని. మీరు బిగించడం మర్చిపోలేదు, బిగించేశారని శ్రీ అనుకోవడం వల్ల మీకు ఆ అవకాశమే రాలేదు అని. అది చెబితే మీ మీద నింద పోయేది. చెప్పలేదు. గుమ్మం దాకా వచ్చి కూడా చెప్పలేదు. కాని మీరు గేటు దగ్గర అన్నది బిగించమనే అని, ఆ పని నాదే అని మీ ఉత్తరం చదివాకే తెలిసింది.

ఇంకొకటుంది. ఇది ఎవరికీ తెలియదు. విజయదశమి పొద్దున తొమ్మిదింటికి శ్రీ నాకు ఫోన్ చేశాడు.

"ఏయ్ ఇంజినీరమ్మా, కింద పండుకొని చూసినా. ఆరిటికీ బొట్టు పెట్టేసినావే!"

"మరి? వదులుతాననుకున్నావా?"

"సూపర్. దింపేస్తా ఉండా. మణలి దాకా ఒక రౌండు పొయ్యొస్తా."

"ఆగు, నేనూ వస్తా."

"నువ్వు మూడు బస్సులు మారి వచ్చేలోపల తిరిగొచ్చేస్తాలే."

నవ్వాను బాబాయ్. నా కుంకుమ చూసి మురిసిపోయాడనుకుని నవ్వాను. ఆ షెడ్డులో బొట్టంటే ఏమిటో రెండేళ్ళుగా తెలిసినదాన్ని. ఒక్కసారి "ఏ బొట్టు?" అని అడిగి ఉంటే సరిపోయేది. తప్పులు వెతకడమే నా ఉద్యోగం.

ఈ ఉత్తరం ఇన్‌స్పెక్టర్‌కి చూపించండి. పిన్నికి చూపించండి. ముందు పిన్నికి.

హైందవి


షోళింగనల్లూరు,
జూన్ 8.

బాబాయ్ గారికి,

జవాబు కోసం కాదు. ఉత్తరం అందిందో లేదో తెలిస్తే చాలు. అందిందన్న ఒక్క మాట.

హైందవి


తిరువొత్తియూరు,
సెప్టెంబర్ 24.

పాపా,

అందింది. రెండూ అందినాయి.

ఇన్ని నెలలు రాయలా అంటే వేరే కారణం లేదు, కోపం. నువ్వు రాసింది చదివినాను, సరే అన్నాను, మళ్ళా చదివినాను, కోపమొచ్చింది. ఎవురి మీదనో తెలియకుండా వచ్చే కోపం ఉండాదే, అది ఎంతకీ తీరదు. నీ ఉత్తరం పూజ గూట్లో ఒకసారి పెట్టినాను. తీసేసి టూల్ పెట్టెలో పెట్టినాను. మళ్ళా తీసినాను.

పోయిన నెల వాషర్‌మెన్‌పేట్‌కి ఎత్తుకొని పొయ్యినాను. కోకిలకి తెలుగు చదివేదానికి రాదు, అరవమే. నేనే చదివినాను. నా గొంతు నాకు వినపడదు గదా, ఎంత పెద్దగా చదివినానో, పక్కిండ్లవాళ్ళు గుమ్మంలోకి వచ్చేసినారు. కోకిల వాళ్ళని పొమ్మనలా. చివరిదాకా వినింది. విని, నా చెయ్యి పట్టుకోని, నాకు తెలిసేటట్టు పెదాలు నిదానంగా తిప్పి అడిగింది.

"అయితే నా బిడ్డ చూసే దింపినాడా?"

"చూసే దింపినాడు."

"కింద పండుకోని చూసినాడా?"

"పండుకోని చూసినాడు."

అప్పుడు ఏడిచింది. పొయ్యినేటినుంచి ఏడవలా అంట, చెల్లెలు చెప్పింది. ఊర్లో అందురూ దాని ముందర అంటా ఉండినారంట, "ఈ కాలం పిల్లోళ్ళు చూసుకోకుండా తోలేస్తారు" అని. అది దానికి లోపల గుచ్చుకోనుండింది. నాకు తెలియలా. నేను దాని కోపం అంతా నా మీదే అనుకోనుండాను.

పది దినాల కింద ఇంటికి వచ్చేసింది. నీ సంగతి ఎత్తితే లేచి పోతాది. ఇది నీకు చెప్పకుండా దాచను. మన్నించింది అని రాస్తే అబద్ధం అవుతాది. నేను మన్నించినానా అని అడిగితే, మన్నించేదానికి నువ్వు ఏమి జేసినావని ఎతుకుతా ఉండాను, దొరకలా. చెప్పిన మాట చేసినావు. వాడు చూడాల్సింది చూసినాడు. నేను చెప్పాల్సింది చెప్పినాను. ముగ్గురమూ సరిగానే చేసినాము. బోల్టుకీ బొక్కకీ మధ్య ఉండే సందు, ఆ మాటలో ఉండింది. నేను ఊరి కార్లన్నిటికీ ఆట్టం పోగొట్టినాను, నా నోట్లో ఉండేది చూసుకోలా.

నేను దాచింది ఒకటుండాది. పానా "టక్" అనేది నాకు రెండేండ్లుగా వినపడదు. చేతికి తెలుస్తాది అంటారు, నా చెయ్యీ మొద్దుబారిపొయ్యింది. ఎవురికీ చెప్పలా, శ్రీకి గూడా. చెబితే షెడ్డు మూసెయ్యమంటాడని. అందుకే వీలైనప్పుడంతా బిగించే పని నీకు పెట్టినాను. ముద్దుగా "బొట్టు పెట్టు" అని చెప్పేది. నాకు చెవి ఉండింటే ఆ ఆరూ నేనే బిగించుండును. ఉత్త "బిగించు" అని చెప్పుండినా చాలు.

గోళ్ళరంగు సీసా పారేసినాను. ఇంగ ఈ షెడ్డులో బిగించేదాన్ని బిగించేదనే అంటాము.

విజయదశమినాడు షెడ్డు తెరస్తాను. మన పాత గిరాకీ జనార్దనం తన వ్యాను రెండు నెలలుగా తాళమేసి పెట్టుకోనుండాడు, ఇంగొకరి చేత చేయించనంటా ఉండాడు. ముందుచక్రాల కింద అంతా విప్పి బిగించాల. నా ఒక్కడి వల్ల కాదు.

నిన్ను రమ్మని రాయలా. రావద్దనీ రాయలా.

దేవరాజులు


షోళింగనల్లూరు,
సెప్టెంబర్ 29.

బాబాయ్ గారికి,

ఉత్తరం అందిన రోజు క్యాబ్ ఎక్కకుండా నవలూరు దాకా నడిచాను, ఎందుకో తెలియదు, తిరిగొచ్చేసరికి చెప్పు తెగింది.

నా సంగతి ఎత్తితే పిన్ని లేచి పోతుందన్నారు. ఆమె కుర్చీలోంచి లేవాల్సిన అవసరం లేకుండా నేను షెడ్డు బయటే ఉంటాను. వ్యాను కిందికి మాత్రం వస్తాను. పానా మీరే పట్టుకోండి. నేను పక్కన పడుకుని వింటాను. టక్ అనగానే మీ భుజం మీద తడతాను. ఒక్కో బోల్టుకి ఒక్కసారి. తట్టేదాకా ఆపొద్దు, తట్టాక తిప్పొద్దు.

కాని దానికి ముందు ఒకటి అడగాలి. పోయిన ఏడాది అడగనిది. "రమ్మని రాయలా, రావద్దనీ రాయలా" అన్నారు. నేను దాన్ని రమ్మన్నట్టే చదువుకున్నాను. నాకు కావలసినట్టు చదువుకోవడం ఇంక నాకు భయం. రమ్మనేనా?

హైందవి


తిరువొత్తియూరు,
అక్టోబర్ 3.

పాపా,

రమ్మనే.

కార్డు మూలన పసుపు పెట్టబొయ్యినాను. పెట్టలా. ఇంగ గుర్తులు వద్దు, మాట చాలు. రా.

దేవరాజులు